‘రాడికల్’కి ‘ప్రాతిపదిక’ సరిపోతుందా?

కాంతినిచ్చే సేంద్రియ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కార్బన్ అణువులు) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నానండీ. మా తెలుగు మీడియం పుస్తకాల్లో ‘స్వేచ్ఛా ప్రాతిపదిక’ అని చదివాం. ప్రాతిపదిక అంటే విభక్తులు గుర్తొస్తున్నాయి. రాడికల్ అనే ఉంచేయనా?

— విభక్తులు గుర్తొస్తే మంచిదే కదండీ! రాడికల్ అన్న మాటకి లాటిన్‌లో మూలం (చెట్టు) ‘వేరు’. 1787లో గిటన్ ద మోర్వో వాళ్ళు ఫ్రెంచిలో రసాయనాలకి పేర్లు పెట్టినప్పుడు, ఆమ్లంలో ఆక్సిజన్‌తో కలిసే భాగాన్ని రాడికల్ అన్నారు. ‘రామ’కి ‘డు’ చేరితే ‘రాముడు’ అయినట్టే. వేరు కాబట్టి ‘ధాతువు’ అనొచ్చుగా అంటారేమో, ఆ మాటకి ఖనిజమన్న అర్థం ముందే ఉంది.

ప్రత్యయం లేని ప్రాతిపదికని వాక్యంలో వాడం. రసాయనంలోనూ చాలాకాలం అదే నమ్మకం. 1900లో మిషిగన్‌లో మోజెస్ గోంబర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకేదో తయారు చెయ్యబోతే ట్రైఫినైల్‌మిథైల్ చేతికొచ్చింది: జత లేని ఎలక్ట్రాన్‌తో, విడిగా. గాలి తగిలితే మాత్రం ఆక్సిజన్‌తో కలిసిపోయేది.

మీ వ్యాసంలోవి బహుశా దాని మనవలే. టీటీఎం అనే దాంట్లో నడిమి కార్బన్ చుట్టూ మూడు బెంజీన్ వలయాలు. ఆ కార్బన్‌కి దగ్గరగా ఆరు క్లోరిన్‌లు కాపలా కాస్తాయి, ఆక్సిజన్‌ని దగ్గరికి రానివ్వవు. దానికి కార్బజోల్ అనే ఇంకో వలయాల గుంపు తగిలిస్తే వెలుగూ పెరుగుతుంది, కాంతికి తట్టుకోవడమూ పెరుగుతుంది. ఇంత కాపలాలో ఉన్నదాన్ని ‘స్వేచ్ఛా’ అనడమే నాకు నచ్చదు. ఆ మాట తీసేయండి.

— మా తరానికి రాడికల్స్ అంటే విద్యార్థి సంఘం వాళ్ళు, ఇప్పుడేమో ఉసిరికాయ తింటే పోయేవి 😀 ఇంతకీ ఇవి వెలిగితే లాభమేంటి?

— ఫోన్, టీవీ తెరల్లో వాడే మామూలు ఓఎల్‌ఈడీ అణువులో కరెంటు వల్ల పుట్టే ఉత్తేజిత స్థితుల్లో నాలుగింట మూడు వంతులు ట్రిప్లెట్లు, అంటే రెండు ఒంటరి ఎలక్ట్రాన్ల స్పిన్ (తిరుగుడు లాంటి గుణం) ఒకే వైపు ఉన్నవి. మామూలుగా అవి వెలుగివ్వవు. రాడికల్‌లో ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటే కాబట్టి కింది స్థితీ, పై స్థితీ రెండూ డబ్లెట్లే. ట్రిప్లెట్ గొడవే లేదు. చైనాలోని జిలిన్, ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల వాళ్ళు 2018లో 710 నానోమీటర్ల ముదురు ఎరుపులో 27 శాతం బాహ్య క్వాంటమ్ సామర్థ్యం (వంద ఎలక్ట్రాన్లు పంపితే 27 కాంతి కణాలు బయటికి రావడం) చూపించారు. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ వల్లే ఇవి పారా అయస్కాంతాలు కూడా, అంటే అయస్కాంతం వైపు కొద్దిగా లాగబడతాయి.

— అయితే ‘కాంతినిచ్చే స్థిర ప్రాతిపదికలు’ అని పెడుతున్నా, మొదటిసారి వచ్చినచోట పక్కనే రాడికల్ అని కూడా రాస్తా. మరి డబ్లెట్‌ని ‘జంట స్థితి’ అందామా?

— అయ్యో, వద్దండీ. జంట లేకపోబట్టే కదా అది డబ్లెట్ అయింది! స్పిన్ రెండు రకాలుగా నిలబడగలదని ఆ పేరు. డబ్లెట్ అనే ఉంచండి.