అప్‌డేట్: మామయ్య స్టీల్ సైకిల్‌నే ఉంచుకుంటున్నాను

మామయ్య ఇంగ్లండ్ నుంచి తెచ్చిన 1980ల నాటి స్టీల్ రోడ్ సైకిల్ బాగు చేయించాలా, కార్బన్ ఫైబర్ ఫ్రేముది కొనాలా అని నెల క్రితం అడిగాను. "రెండూ తొక్కి చూడు" అన్నవాళ్ల మాట విన్నాను, వాళ్లకి చాలా థ్యాంక్స్.

ఫ్రెండ్ తన కార్బన్ సైకిల్ ఇచ్చాడు. తూస్తే అది 8.1 కిలోలు, మాది 10.4. అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు తేడా బాగా తెలిసింది. అయితే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది బరువు కాదు, గేర్లు. పాతదానికి వెనక ఆరే. మార్చాలంటే హ్యాండిల్ వదిలి, కింది గొట్టం మీదున్న చిన్న లివర్ లాగాలి. లేచి నిలబడి తొక్కేటప్పుడు అది కుదరదు. బ్రేకుల్లో కార్బన్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు.

గతుకుల్లో స్టీలే మెత్తగా ఉంటుందని చాలామంది అన్నారు. నాకలా అనిపించలేదు, మొదట స్టీల్‌దే ఎక్కువ కుదిపింది. దానికున్న 23 మి.మీ. వెడల్పు టైర్లు తీసి కార్బన్‌దానికి ఉన్నట్టే 28వి వేశాక తేడా దాదాపు పోయింది. అంటే అదంతా టైర్ల మహిమే.

చివరికి నన్ను ఒప్పించింది మాత్రం మెకానిక్ పని. వెనక చక్రం పట్టే చోటు 126 మి.మీ. ఉంటే, కొత్త చక్రం కోసం ఫ్రేమునే 130కి మెల్లగా వెడల్పు చేశాడు. కార్బన్‌ని అలా సాగదీస్తే పగులుతుంది. ఇప్పుడు వెనక తొమ్మిది గేర్లు, లివర్లు చేతి దగ్గరే. పెయింట్ జోలికి పోలేదు. ఫ్రేము ఏ స్టీల్ గొట్టాలతో చేసిందో చెప్పే 'రెనాల్డ్స్ 531' స్టిక్కర్ అలాగే ఉంచాను.