మూసేసిన ఆటల హాలును మేమే నడుపుకోవాలంటే సంఘం రిజిస్టర్ చేయించాలా?

మాది ఒడిశాలో పర్లాకిమిడి వైపు ఓ చిన్న పట్టణం. షటిల్ కోర్టు, క్యారమ్ బోర్డులు, తెలుగు పేపరు వచ్చే చదువుగది ఉన్న మా వార్డు హాలును ఏప్రిల్ 1న మూసేశారు. కొత్త బడ్జెట్‌లో వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకి డబ్బు పెట్టలేదట. సాయంత్రం 5 నుంచి 8 దాకా అక్కడ ఆడే పిల్లలు ఇప్పుడు బస్సులు తిరిగే రోడ్డు మీద ఆడుతున్నారు. రోజూ టెన్షనే.

తెలుగులో అర్జీ ఇస్తే ఒడియాలో తెమ్మన్నారు. రాయించి, 62 సంతకాలతో మళ్లీ ఇచ్చాం. ఆర్టీఐ కింద ఫారం-ఎ, 10 రూపాయల ఫీజుతో బడ్జెట్ కాపీ అడిగాం. 30 రోజుల గడువు దాటినా జవాబు లేదు (మొదటి అప్పీలు వేస్తున్నాం, అది వేరే సంగతి).

కరెంటు బిల్లు చందాలు వేసుకుని మేమే కడతాం, తాళాలిస్తే చాలు. ఒడిశాలో ఇలా హాలు నిర్వహణ తీసుకున్నవాళ్లుంటే చెప్పండి: ముందు సంఘం రిజిస్టర్ చేయించాలా, కాలనీవాళ్ల పేరు మీద దరఖాస్తు సరిపోతుందా?