అప్‌డేట్: బాయిలర్ ప్రెషర్ సమస్య తీరింది, తప్పు ఎక్స్‌పాన్షన్ వెసెల్‌దే

లీడ్స్‌లో (ఇంగ్లండ్) మా ఇంటి కాంబీ బాయిలర్ (ఇంటి హీటింగ్‌కీ, కుళాయిల్లో వేడినీళ్లకీ ఒకటే బాయిలర్) గురించి పోయిన నెల ఇక్కడ అడిగాను. హీటింగ్ వేస్తే ప్రెషర్ 3 బార్ దాకా ఎక్కేది, బయట గోడకున్న రాగి పైపులోంచి నీళ్లు కారేవి, చల్లారాక ప్రెషర్ మీటర్ ముల్లు సున్నాకి పడిపోయేది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఎక్స్‌పాన్షన్ వెసెల్ (వేడెక్కి పెరిగే నీటికి చోటిచ్చే డబ్బా, లోపల రబ్బరు పొరకి ఒకవైపు గాలి, ఇంకోవైపు నీళ్లు ఉంటాయి) చూడమన్నవారి మాటే నిజమైంది. గ్యాస్ సేఫ్ (ఇక్కడ గ్యాస్ పనులు చేసేవారి అధికారిక రిజిస్టర్) రిజిస్ట్రేషన్ ఉన్న ఇంజనీర్ దాని గాలి వాల్వ్ నొక్కితే గాలికి బదులు నీళ్లొచ్చాయి. అంటే లోపలి రబ్బరు పొర చిరిగింది. వేడికి వ్యాకోచించే నీటికి చోటు లేక సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, ఆ రాగి పైపులోంచి నీళ్లు బయటికి పోయేవి. వెసెల్ మార్చారు. పదేపదే తెరుచుకున్న వాల్వ్ మళ్లీ సరిగ్గా మూసుకోకపోవచ్చని దాన్నీ మార్చారు. ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు 1.2, వేడెక్కితే 1.7 బార్.

రేడియేటర్ లీకేమోనని కార్పెట్లు ఎత్తి చూసిన శ్రమంతా అనవసరం. ఫిల్లింగ్ లూప్ (కుళాయి లైన్ నుంచి హీటింగ్‌లోకి నీళ్లు నింపే గొట్టం) కూడా బాగానే ఉంది. నీళ్లు నింపాక దాన్ని ఊడదీసి ఉంచమన్నారు.

కారే పైపుకి మూత బిగించమని ఒకరన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ప్రెషర్ బయటికి పోయే దారి అదే.