అప్‌డేట్: స్లాగ్, లేటెక్స్ కలిపిన కాంక్రీటు బలం ఎందుకు పడిపోయిందంటే

సిమెంటులో 40 శాతం బదులు బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ (ఇనుము తీసే కొలిమిలో మిగిలే చిట్టెం) పొడి వేసి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (నీటిలో కలిసి ఉండే పాలలాంటి కృత్రిమ రబ్బరు) కూడా కలిపితే 7 రోజుల క్యూబులు (పోసిన 7 రోజులకు బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మలు) మామూలు మిశ్రమం కన్నా చాలా తక్కువ బరువుకే పగిలిపోయాయి, ఎందుకని ఇంతకుముందు అడిగాను కదా, తప్పు చాలావరకు నాదే.

పగిలిన ముక్కను వెలుతురులో పట్టి చూస్తే లోపలంతా గుండుసూది మొన దూరేంత రంధ్రాలు. లేటెక్స్‌లోని సబ్బులాంటి పదార్థం నురగ కట్టి గాలిని పట్టి ఉంచింది. నురగ తగ్గించే మందు వేయడం మరిచాను. పైగా లేటెక్స్‌లో దాదాపు సగం నీరే. ఆ మేరకు కలిపే నీటిని తగ్గించలేదు, దాంతో నీరు ఎక్కువైంది (సిగ్గుగానే ఉంది).

ఈసారి రెండూ సరిచేశాను. క్యూరింగ్ (పోసిన కాంక్రీటును గట్టిపడేదాకా చూసుకోవడం) దగ్గరే అసలు పేచీ: స్లాగ్‌కు తడి కావాలి, లేటెక్స్ పొర కట్టాలంటే ఆరాలి. అందుకే వారం రోజులు తడిగా ఉంచి, తర్వాత గాలికి వదిలేశాను. 28 రోజులకు సంపీడన బలం (నొక్కితే తట్టుకునే బలం) మామూలు మిశ్రమం కన్నా కాస్త తక్కువే, వంపు బలం (వంచితే తట్టుకునే బలం) మాత్రం దాన్ని దాటింది. స్లాగ్ నిదానంగా పనిచేస్తుంది కాబట్టి 7 రోజుల అంకెకే కంగారుపడడం నా తొందరపాటు. 56 రోజుల క్యూబులు ఇంకా పగలగొట్టాలి.