అప్‌డేట్: నాయన కింది పళ్లసెట్టు లేచిపోయే సమస్య తీరింది

మా నాయన కింది పళ్లసెట్టు మాట్లాడేటప్పుడల్లా లేచిపోతోందని, కుడివైపు చిగురు ఒరుసుకుపోయి అన్నం తినలేకపోతున్నాడని అడిగాను కదా. సలహా చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. "పైపళ్లు, కిందిపళ్లు కలిసే తీరు చూపించండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

కావలిలో మా డాక్టరు గారు పక్కవీధిలో పళ్లసెట్లు చేసే ల్యాబు నడిపే టెక్నీషియన్ని పిలిపించారు. ఆయన సెట్టును వెలుతురుకి పెట్టి తిప్పి చూసి, కుడివైపు దవడపళ్లు మాత్రమే అరిగి నున్నగా మెరుస్తున్నాయని చూపించారు. డాక్టరు గారు పళ్లు తగిలిన చోట రంగు అంటే నీలంకాగితం పెట్టి కొరికిస్తే మచ్చలన్నీ ఆ వైపే! కుడివైపు ముందు తగిలి ఎడమవైపు లేస్తోందన్నమాట. పైగా నాలుకవైపు అంచు పొడుగైంది, నాలుక కదిలితే చాలు సెట్టును పైకి తోసేస్తోంది.

కుడివైపు పళ్ల ఎత్తు, ఆ అంచు సరిచేశారు. చిగురు కింద ఎముక కరిగి ఏర్పడిన సందుకి పాత సెట్టులోనే అచ్చు తీసి రీలైన్ చేయించారు, అంటే సెట్టు లోపలివైపు కొత్త పొర వేయించారు. పొద్దున ఇస్తే సాయంత్రానికి వచ్చింది. చిగురుకి ఆనే వైపు పాలిష్ పెట్టలేదు, పెడితే పట్టు పోతుందట. ఎంత ఓపికో ఆ టెక్నీషియన్‌కి!

మీలో కొందరు చెప్పిన సెట్టు అంటించే పొడి, ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే పళ్లు) మాకు అవసరపడలేదు. వేడినీళ్లకి అక్రిలిక్ (సెట్టు చేసే ప్లాస్టిక్) వంకరపోతుందని ఒకరన్న మాట నిజమేగానీ, నాయన కడిగేది చన్నీళ్లతోనే. నేరుగా ల్యాబుకే పోవచ్చా అని ఒకరు అడిగారు. నోట్లో కొలతలు డాక్టరే తీయాలి, ఆ టెక్నీషియనూ అదే చెప్పారు.

ఇప్పుడు అలసంద వడలు తింటున్నాడు. చెరుకుముక్క మాత్రం వద్దన్నారు.