‘సెరిటా’నా, ‘చెరిత’నా?

మా తమ్ముడు కౌలాలంపూర్ నుంచి ఒక పిల్లల పుస్తకం అట్ట ఫొటో పంపాడు. పైన వరసగా ఇంగ్లీషు అక్షరాలు సి, ఇ, ఆర్, ఐ, టి, ఎ. ఇంట్లో అందరం ‘సెరిటా’ అని చదివాం. అర్థం కథ అట. మన మాటకి చుట్టమేమైనా అవుతుందా?

జవాబు: చుట్టమేనండీ. సంస్కృతం నుంచి అటు వెళ్లిన ‘చరిత’ అది. పలకడం కూడా ఇంచుమించు ‘చెరిత’ అనే. చిక్కంతా ఆ ‘సి’తోనే. మనం ఫోన్లో ‘చ’ కొట్టాలంటే సి పక్కన హెచ్ పెడతాం. మలేసియా భాష మలయ్‌లో ఒక్క సి చాలు. ఎప్పుడూ అలా లేదు లెండి. డచ్చివాళ్ల వైపు, అంటే ఇప్పటి ఇండోనేసియాలో, 1901లో వాన్ ఓఫాయ్‌సెన్ పద్ధతి వచ్చింది, అందులో ‘చ’కి టి-జె. ఇంగ్లీషువాళ్ల వైపు, అంటే ఇప్పటి మలేసియాలో, 1904లో విల్కిన్సన్ పద్ధతి, అందులో సి-హెచ్. ఒకే భాష, ఒకే మాట, ఎవరి దొర రాత వాళ్లది. 1972లో మలేసియా, ఇండోనేసియా కూడబలుక్కుని రెండూ వదిలేసి సి ఒక్కటే ఉంచుకున్నాయి. పాత పుస్తకాల్లో ఈ చరిత రెండు వేషాల్లోనూ కనిపిస్తుంది.

ఈ రోమన్ లిపిని మలేసియావాళ్లు ‘రూమి’ అంటారు. రోమ్ నుంచి వచ్చిన పేరే. (కవి రూమీ పేరుకీ మూలం అదే.) దానికి ముందు అరబ్బీ అక్షరాల ‘జావి’, ఇంకా ముందు మన దక్షిణాది పల్లవ లిపి. సుమత్రాలో దొరికిన క్రీ.శ. 683 నాటి కెడుకాన్ బుకిత్ శాసనం అందులోనే ఉంది. మలేసియా 1963 చట్టం జాతీయ భాషకి రూమినే లిపి చేసింది, జావిని మాత్రం నిషేధించలేదు.

ఇంకో ప్రశ్న: మరి ఆ ఇంగ్లీషు ‘ఇ’ అక్షరాన్ని మన ‘ఎ’ అనాలా, ‘ఏ’ అనాలా?

జవాబు: అసలు తలనొప్పి అదే. దానికి రెండు పలుకులు. ఒకటి మన ‘ఎ’కి దగ్గర. రెండోదానికి మన దగ్గర అక్షరం లేదు, ‘అ’ని నోరు సగమే తెరిచి అన్నట్టుంటుంది. ‘సెపాక్’ని మొదటి పలుకుతో అంటే కాలితో తన్నడం, రెండోదానితో అంటే చెంపదెబ్బ. నిఘంటువులో తన్నుడుకి అక్షరం మీద చిన్న గీత పెడతారు, మామూలు రాతలో ఆ గీత ఉండదు. ఫుట్‌బాల్‌కి వాళ్ల మాట ‘బోలా సెపాక్’. పలుకు తప్పితే బంతి చెంప పగలగొట్టినట్టే.