గేమ్ ఫిజిక్స్ మీద పేటెంట్ ఉంటే మాలాంటి వాళ్లు ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో నేనూ తమ్ముడూ కలిసి చిన్న గేమ్ చేస్తున్నాం. అందులో కదిలే తెప్ప మీద పాత్ర నిలబడితే దాంతో పాటే కదులుతుంది, పైకి ఎగిరినా మళ్లీ తెప్ప మీదే దిగుతుంది, ఇది కుదరడానికే నాలుగు నెలలు పట్టింది. ఇలాంటి కదలికల మీద జపాన్ గేమ్ కంపెనీ నింటెండో పేటెంట్లు వేసిందని తెలిసినప్పటి నుంచి ఒకటే టెన్షన్, పైగా 2024 సెప్టెంబర్‌లో పాల్‌వరల్డ్ అనే గేమ్ చేసినవాళ్ల మీద టోక్యోలో కేసు కూడా వేశారు కదా. మన దగ్గర పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ రాదు, సరే, కానీ మేం స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో అమెరికాకీ జపాన్‌కీ అమ్మాలి. పేటెంట్ క్లెయిమ్‌లో, అంటే హక్కు దేని మీదో చెప్పే భాగంలో, ఉన్న ప్రతి అంశమూ మన గేమ్‌లో ఉంటేనే ఉల్లంఘన అంటారు, మరి కోడ్‌లో ఆ కదలికను లెక్క కట్టే పద్ధతి మారిస్తే చాలా? రిలీజ్‌కి ముందు గేమ్‌ని పేటెంట్ అటార్నీకి చూపించినవాళ్లు ఉంటే ఎంత ఖర్చయిందో, ఏమేం అడిగారో దయచేసి చెప్పండి.